పొద్దున ఓపెన్, మధ్యాహ్నం షార్ట్: 240 బోర్డుల మీద సోల్డర్ పేస్టు చుక్కలు

హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో మాది ఎలక్ట్రానిక్ బోర్డుల మీద కాంపోనెంట్లు అతికించే చిన్న అసెంబ్లీ యూనిట్. ఒక పిక్ అండ్ ప్లేస్ మెషీన్ (కాంపోనెంట్లను బోర్డు మీద పెట్టేది), ఒక సెమీ ఆటోమేటిక్ స్టెన్సిల్ ప్రింటర్ (రంధ్రాల రేకులోంచి సోల్డర్ పేస్టు వేసేది), ఎనిమిది జోన్ల రీఫ్లో ఓవెన్ (ఆ పేస్టును కరిగించి అతికించేది), పదిహేను మంది మనుషులు. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ వచ్చిన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల సోల్డరింగ్ తెలిసిన చేతులకు కొదవ లేదు. మాకొచ్చేదంతా జాబ్ వర్కే. కస్టమర్ బోర్డులు, కాంపోనెంట్లు పంపిస్తాడు, మేం అతికించి, టెస్ట్ చేసి పంపిస్తాం.

ఈ కేసు బోరు మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్‌ది. రైతు ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. లోపల 4జీ మాడ్యూల్ ఉంటుంది. అది నెట్‌వర్క్ పట్టకపోతే రైతు చీకట్లో టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి నడిచి వెళ్లాలి. బెంచీ మీద మా చేతుల్లో అది ఒక జాయింటే. పొలంలో మాత్రం అర్ధరాత్రి పాములు తిరిగే గట్టు మీద నడక. ఈ పని మాకు వచ్చిన రోజే అందరినీ కూర్చోబెట్టి ఈ మాట చెప్పాను. అలా చెప్పి కూడా మొదటి లాటులో 240 బోర్డులకు 31 ఫెయిల్ చేసుకున్నాం. ఎందుకు ఫెయిలయ్యాయో, ఎలా పట్టుకున్నామో రాస్తున్నాను. చిన్న యూనిట్లు నడిపేవాళ్లకు పనికొస్తుంది.

స్టెన్సిల్ ఎందుకు వాడలేదు

మామూలుగా అయితే పేస్టు (సన్నటి లోహపు గింజలు ఫ్లక్స్ అనే జిడ్డు ద్రవంలో కలిపిన ముద్ద) మొత్తం స్టెన్సిల్‌తోనే ప్రింట్ చేస్తాం. ఈసారి మాడ్యూళ్లు మూడు వారాలు ఆలస్యంగా వచ్చాయి. కస్టమర్‌కు సీజన్ దగ్గర పడుతోంది. "మిగతావన్నీ ఎక్కించేయండి, మాడ్యూల్ వచ్చాక పెట్టుకుందాం" అన్నాడు. అలాగే మిగతా ఎస్ఎండీ (బోర్డు పైనే అతికే) కాంపోనెంట్లన్నీ పెట్టి ఒకసారి రీఫ్లో చేసేశాం. తీరా మాడ్యూళ్లు వచ్చేసరికి బోర్డు మీద స్టెన్సిల్ సమంగా కూర్చునే చోటే లేదు. మాడ్యూల్ స్థలం వరకే చిన్న స్టెన్సిల్ కోయించుకోవచ్చు గానీ, దాని పక్కనే రెండు మిల్లీమీటర్ల దూరంలో కెపాసిటర్లు ఉన్నాయి. రేకు మీద పేస్టును లాగే పట్టీ, స్క్వీజీ, అక్కడ ఆడదు.

అందుకని సిరంజితో డిస్పెన్స్ చేద్దామనుకున్నాం. మా దగ్గర టైమర్, ప్రెషర్ గేజీ ఉన్న డిస్పెన్సర్ ఉంది. ఫుట్ పెడల్ నొక్కితే నిర్ణీత సమయం పాటు గాలి సిరంజిలోకి వెళ్లి పేస్టును నెడుతుంది, సూది కొస నుంచి ఒక చుక్క పడుతుంది. మాడ్యూల్ చుట్టూ 80 ప్యాడ్లు (సోల్డర్ అతికే లోహపు గడులు), ఒక్కోటి 0.7 మి.మీ. వెడల్పు, 1.6 మి.మీ. పొడవు, ప్యాడుకూ ప్యాడుకూ మధ్య 0.4 మి.మీ. ఖాళీ. అడుగున 24 గ్రౌండ్ ప్యాడ్లు. చుట్టూ ఉన్న వాటికి రెండేసి చుక్కలు, గ్రౌండ్‌కు ఒక్కోటి. వెరసి బోర్డుకు 184 చుక్కలు. రోజుకు 80 బోర్డుల లెక్కన మూడు రోజుల పని. డిస్పెన్సింగ్ బెంచీ మీద కూర్చునే అమ్మాయికి చేతి నిలకడ చాలా ఎక్కువ. పని ఆమెకే ఇచ్చాం.

ఇక్కడ మేం చేసిన ఏర్పాట్లు ఉన్నవి ఉన్నట్టు చెబుతాను, ఎందుకంటే తప్పులన్నీ వాటిలోనే ఉన్నాయి. పేస్టు మేం ప్రింటింగ్‌కు వాడే డబ్బాలోదే తీశాం: శాక్ 305 (టిన్, వెండి, రాగి మిశ్రమం), టైప్ 4 (గింజ సైజు). డబ్బాలోంచి గరిటెతో తీసి 10 సీసీ ఖాళీ సిరంజిలోకి ఎక్కించాం. సూదులు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నాం. 25 గేజీ (ఈ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం), నిటారుగా ఉండే స్టీలు సూదులు. చుక్క చిన్నది కావాలి కాబట్టి సూది సన్నగా ఉండాలనుకున్నాం. అడిగింది మేమే, షాపువాళ్లు అడిగింది ఇచ్చారు. రోజూ సాయంత్రం సిరంజి ఫ్రిజ్‌లో, పొద్దున తీసి బెంచీ మీద.

31 బోర్డులు

టెస్ట్ జిగ్ మీద 19 బోర్డుల్లో మాడ్యూల్ ఆన్ కాలేదు, లేదా నెట్‌వర్క్ పట్టలేదు. ఇవి ఓపెన్లు, అంటే జాయింటు అతకనివి. 12 బోర్డుల్లో పక్కపక్క పిన్నులు కలిసిపోయాయి, ఇవి షార్టులు.

నేను ముందు ఓవెన్ మీద పడ్డాను. మాడ్యూల్ పెద్దది, దానిపైన లోహపు కప్పు, అడుగు భాగానికి వేడి అందలేదేమో అనుకున్నాను. థర్మోకపుల్ పెట్టి ప్రొఫైల్ తీస్తే గరిష్ఠం 243 డిగ్రీలు, 217 డిగ్రీల పైన 62 సెకన్లు. శాక్ 305 కరిగేది 217 నుంచి 220 డిగ్రీల మధ్య. ఇంకేం కావాలి? ఆ తర్వాత మాడ్యూల్ అడుగు వంగి ఉందేమోనని అనుమానం. గ్రానైట్ పలక మీద పది మాడ్యూళ్లు పెట్టి చూశాం, బాగానే ఉన్నాయి. ఇలా రెండు రోజులు పోయాయి. కస్టమర్ ఫోన్ చేసిన ప్రతిసారీ టెన్షన్.

మూడో రోజు జాబ్ కార్డులు ముందేసుకుని కూర్చున్నాను. మా దగ్గర ప్రతి పది బోర్డులకు ఒకసారి కార్డు మీద టైమ్ రాసే అలవాటుంది. ఫెయిలైన 31 నంబర్లను ఆ టైముల పక్కన రాసుకుంటూ వెళితే బొమ్మ కళ్లముందుకొచ్చింది. 19 ఓపెన్లలో ఏడు పొద్దున మొదటి గంటలోవి, పన్నెండు సాయంత్రం నాలుగు తర్వాతవి. షార్టుల్లో మూడు పదిన్నర, పదకొండున్నర మధ్యలోవి. మిగతా తొమ్మిదీ డిస్పెన్సింగ్ రెండో రోజు మధ్యాహ్నం ఒంటిగంట, మూడింటి మధ్యలోవి. ఓవెన్‌కు పొద్దునా సాయంత్రం తేడా తెలియదు. మాడ్యూల్‌కూ తెలియదు. తేడా తెలిసేది ఒక్క పేస్టుకే.

ఆ రెండో రోజు ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. పన్నెండు నలభైకి కరెంటు పోయింది. జనరేటర్ మీద మెషీన్లు, కంప్రెషర్ నడుస్తాయి, ఏసీ నడవదు. జూన్ నెల, అప్పుడే ఓ వాన పడి వెలిసింది. హాలు 25 డిగ్రీల నుంచి 32కు చేరింది.

బెంచీ మీది అమ్మాయిని పిలిచి అడిగాను. ఆమె దాచుకోకుండా చెప్పింది.

"పొద్దున అసలు పడనే పడతలేదు సార్. గందుకే జర ప్రెషర్ పెంచిన. పదిన్నర దాటినంక మస్తు పడ్తది, మళ్ల తగ్గిస్త. సాయంత్రం అయ్యేసరికి ముందు నూనె నూనె వస్తది, తర్వాత మెటల్."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చుక్క మంచిగ పడుతుందా అని మీరు అడిగిన్రు, పడుతుంది అన్న. ప్రెషర్ సంగతి అడగలే సార్."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. చుక్క కంటికి ఒకేలా కనిపించేటట్టు ఆమె రోజంతా ప్రెషర్‌తో కుస్తీ పట్టింది. కానీ అర మిల్లీమీటరు పైచిలుకు వెడల్పున్న చుక్కలో నలభై శాతం తగ్గినా పెరిగినా కంటికి తెలియదు. పైనుంచి చూస్తే వెడల్పు కనిపిస్తుంది, ఎత్తు కనిపించదు.

చుక్కను తూచడం

ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఈ భాగం. స్టెన్సిల్ ప్రింటింగ్‌లో పేస్టు ఎంత పడాలో రంధ్రం నిర్ణయిస్తుంది. రంధ్రం కొలత, రేకు మందం పొద్దునా సాయంత్రం మారవు. సిరంజిలో అలా కాదు. ఒత్తిడి, సమయం, సూది, పేస్టు చిక్కదనం, నాలుగూ కలిస్తేనే చుక్క. గేజీ మీద కనిపించేవి మొదటి రెండే. మేం ఆ రెండింటినే చూసుకుంటూ కూర్చున్నాం.

మరి చుక్కను కొలిచేదెలా? పెద్ద కంపెనీల్లో లేజర్‌తో పేస్టు ఘనపరిమాణం కొలిచే మెషీన్లుంటాయి. ఆ ఖర్చు మాకు అందేది కాదు. లెక్క కట్టి చూశాను. ఒక ప్యాడు మీద 0.15 మి.మీ. మందం స్టెన్సిల్‌తో ప్రింట్ చేస్తే 0.7, 1.6, 0.15 హెచ్చవేస్తే దాదాపు 0.17 ఘనపు మిల్లీమీటర్లు. సిరంజి కోసమే చేసే డిస్పెన్సింగ్ పేస్టులో లోహం పాలు కాస్త తక్కువ కాబట్టి 0.19 కావాలి. ఆ పేస్టు సాంద్రత సీసీకి సుమారు 3.9 గ్రాములు. అంటే ప్యాడుకు 0.74 మి.గ్రా., చుక్కకు 0.37. ఒక్క చుక్క తూచలేం. వంద చుక్కలు వేస్తే 37 మి.గ్రా. దాన్ని బంగారం తూచే కాటా తూస్తుంది! సికింద్రాబాద్ పాట్ మార్కెట్లో కంసాలి పనివాళ్లు వాడే రకం, ఒక మిల్లీగ్రాము వరకు చూపించే చిన్న కాటా కొన్నాం. ఫ్యాను గాలి తగలకుండా చుట్టూ అద్దపు డబ్బా పెట్టాం.

ఆదివారం హాలు ఖాళీ. నేనూ ఆ అమ్మాయీ మరో ఇద్దరూ కూర్చున్నాం. గాజు పలక తూచి, దాని మీద వంద చుక్కలు వేసి, మళ్లీ తూచడం. ప్రెషర్, టైమ్ కదపలేదు.

ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వేస్తే 22 మి.గ్రా. గంటన్నర ఆగి, 25 డిగ్రీల గదిలో వేస్తే 36. ఏసీ ఆపి, గది 32 డిగ్రీలకు వచ్చాక వేస్తే 49. ఒకే గేజీ రీడింగుకు 22 నుంచి 49. కాటా మీద ఆ అంకె చూసి ఆ అమ్మాయి "అమ్మో" అంది. మా అందరి మనసులోదీ అదే మాట.

పేస్టు స్వభావమే అంత. చల్లగా ఉంటే బిగుసుకుంటుంది, వేడెక్కితే జారుతుంది, కదిపితే పలచనై, వదిలేస్తే మళ్లీ చిక్కబడుతుంది. 32 డిగ్రీల్లో వేసిన చుక్క మైక్రోస్కోపు కింద చూస్తుండగానే నెమ్మదిగా అంచుల దగ్గర కుంగింది. దాని మీద మాడ్యూల్ పెట్టి నొక్కితే 0.4 మి.మీ. ఖాళీ దాటి పక్క ప్యాడును అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు. పదిన్నర తర్వాతి మూడు షార్టులకు కారణం వేరు: పొద్దున చల్లని పేస్టు కోసం పెంచిన ప్రెషర్, పేస్టు వేడెక్కాక కూడా కాసేపు అలాగే ఉండిపోయింది.

పొద్దునవీ మధ్యాహ్నానివీ తేలాయి. సాయంత్రం ఓపెన్లు తేలలేదు.

సూది లోపల ఏముంది

ఐదు గంటలపాటు అదే సిరంజి, అదే సూదితో చుక్కలు వేస్తూ పోయాం. గది 25 డిగ్రీలే. 36 మి.గ్రా. దగ్గర మొదలైంది చివరికి 24కు దిగింది. సిరంజి ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి ఎక్కువవుతుంది, పెడల్ నొక్కిన ప్రతిసారీ ఆ గాలంతా నొక్కుకున్నాకే పేస్టు కదులుతుంది, కాబట్టి చుక్క చిన్నదవుతుంది అని నా అంచనా. ఇది నిజంగా జరిగేదే, ముఖ్యంగా పెద్ద సిరంజిల్లో. అందుకే నిండు సిరంజి మార్చి, పాత సూదే ఉంచి తూచాం. 25. ఏమీ మారలేదు. ఈసారి పాత సిరంజికి కొత్త సూది పెట్టాం. 38.

నా అంచనా తప్పు. సంగతంతా సూదిలోనే ఉంది.

పాత సూదిని తీసి, లోపలికి సన్నటి తీగ దూర్చి నెట్టాం. పేస్టు రాలేదు. ఎండిన సిమెంటులా, బూడిద రంగులో, పొడిపొడిగా ఒక కడ్డీ ముక్క బయటికొచ్చింది. మైక్రోస్కోపు కింద చూస్తే మెరిసే గుండ్రటి లోహపు గింజలు ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకుని ఉన్నాయి. మధ్యలో ఫ్లక్స్ తడి లేదు. అదే సూది చివరగా వేసిన చుక్కల్ని చూస్తే తిరగబడ్డ కథ. చుక్క చుట్టూ పారదర్శకమైన నూనె వలయం, మధ్యలో గింజలు పలచగా. ఆవకాయ జాడీలో ముక్క అడుగున కూర్చుని నూనె పైకి తేలినట్టే. ఒత్తిడికి ఫ్లక్స్ ముందు జారిపోయి, లోహం సూదిలో చిక్కుకుపోయింది. సూది జల్లెడ అయిపోయింది.

ఎందుకలా అయిందో కొలతలే చెబుతాయి. టైప్ 4 పొడిలో గింజలు 20 నుంచి 38 మైక్రాన్లు. 25 గేజీ సూది లోపలి వ్యాసం 0.25 మి.మీ., అంటే 250 మైక్రాన్లు. అతిపెద్ద గింజకు ఆరున్నర రెట్లు మాత్రమే. ఈ పనిలో పాటించే లెక్క ఏడు నుంచి పది రెట్లు. 22 గేజీ అయితే 0.41 మి.మీ., దాదాపు పదకొండు రెట్లు. 25 గేజీయే కావాలంటే టైప్ 5 పేస్టు తీసుకోవాలి, అందులో గింజ 15 నుంచి 25 మైక్రాన్లు. పైగా మాది నిటారు స్టీలు సూది. సిరంజి మెడ నుంచి సూదిలోకి వెళ్లే చోట ఒక్కసారిగా మెట్టులా ఇరుకవుతుంది, గింజలు పేరుకునేది అక్కడే. సోల్డర్ పేస్టుకు మెల్లగా సన్నబడే ప్లాస్టిక్ కోను సూదులే సరైనవి.

ఇంకొకటి, పేస్టే సరైంది కాదు. ప్రింటింగ్ డబ్బాలో లోహం బరువులో 88 నుంచి 90 శాతం. స్క్వీజీ కింద దొర్లడానికి అది కావాలి. సిరంజికి చేసే పేస్టులో 84 నుంచి 87. రెండు మూడు శాతమే కదా అనిపిస్తుంది గానీ, లోహం ఫ్లక్స్ కన్నా ఏడు రెట్లు బరువు. బరువులో ఆ కొద్ది తేడా ఘనపరిమాణంలో 51 శాతానికీ 45 శాతానికీ మధ్య తేడా అవుతుంది. గింజల మధ్య జారడానికి చోటు అంత తగ్గుతుంది. గరిటెతో నింపినప్పుడు చిక్కుకున్న గాలి బుడగలు మరో తలనొప్పి. అప్పుడప్పుడు ఒక చుక్క అసలు పడకపోవడానికి, తర్వాతది రెండింతలు పడడానికి అవే కారణం.

పాత 31 బోర్డులు

వాటిని పారెయ్యలేదు. షార్టుల్లో ఏడు బయటి అంచువే, సన్నటి టిప్పుతో, సోల్డర్‌ను పీల్చే విక్‌తో పోయాయి. మిగతా 24కి మాడ్యూల్ హాట్ ఎయిర్‌తో తీసి, ప్యాడ్లు శుభ్రం చేసి, కొత్తగా పేస్టు వేసి పెట్టాలి. ఇక్కడ తొందరపడితే ఇంకో నష్టం. ఈ మాడ్యూళ్లు తేమ విషయంలో మూడో స్థాయివి. ప్యాకెట్ విప్పాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ లోపు గదిలో 168 గంటలే. వానాకాలం మొదలైంది, మావి ఆ గడువు దాటేశాయి. లోపలి తేమ రీఫ్లో వేడికి ఆవిరై ఉబ్బితే మాడ్యూల్ లోపలే చీలుతుంది. తయారీదారు చెప్పిన ప్రకారం బోర్డులతో సహా బేక్ చేశాకే వేడి గాలి తగిలించాం. 24లో 22 బాగుపడ్డాయి. రెండింటిలో ప్యాడు ఊడొచ్చింది. ఆ రెండింటి డబ్బు మేమే భరించాం.

మధ్యలో కస్టమర్ తరఫు ఇంజినీర్ ఒక సలహా ఇచ్చారు: 138 డిగ్రీలకే కరిగే టిన్, బిస్మత్ పేస్టు వాడితే మిగతా జాయింట్లు మళ్లీ కరగవు కదా అని. మాట మంచిదే. కానీ ఈ స్టార్టర్ డబ్బా ఉండేది ఎండలో, పక్కనే టకటకా కొట్టుకునే కాంటాక్టర్‌తో (మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి). బిస్మత్ జాయింటు పెళుసు. నేను వద్దన్నాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అదే మిశ్రమం రెండోసారి కరిగితే పోయేదేమీ లేదు, కాంపోనెంట్లన్నీ ఒకే వైపు ఉన్నప్పుడు మరీను.

రెండో లాటు

తర్వాతి 260 బోర్డులకూ మాడ్యూళ్లు ఆలస్యమే, కాబట్టి మళ్లీ సిరంజే. ఈసారి ఫ్యాక్టరీలో నింపిన 10 సీసీ డిస్పెన్సింగ్ పేస్టు, టైప్ 4. 22 గేజీ కోను సూదులు. ఫ్రిజ్‌లో సిరంజి మూతి కిందికి ఉండేలా నిలబెడతాం. పొద్దున ఆరున్నరకు వచ్చే వాచ్‌మన్ దాన్ని మూత విప్పకుండా బయట పెడతాడు, తొమ్మిదికి బెంచీ ఎక్కేసరికి గది వేడికి వచ్చి ఉంటుంది. హీటర్ దగ్గరో ఎండలోనో పెట్టడం నిషేధం. చల్లగా ఉండగా మూత విప్పితే గాలిలోని తేమ పేస్టు మీద చెమ్మగా దిగుతుంది, అది ఓవెన్‌లో చిటపటలాడి బోర్డంతా సోల్డర్ బాల్స్ (చిన్న లోహపు గుండ్లు) చల్లుతుంది.

కోను సూదితో 1.8 బార్ సరిపోయింది, పాత సూదితో నాలుగు దాకా వెళ్లేవాళ్లం. డిస్పెన్సర్‌లో వెనక్కి పీల్చే వాక్యూమ్‌ను సున్నా చేశాం. అది పలచటి ద్రవాలు కారకుండా ఉండడానికి, పేస్టుకు అనవసరం. ఏసీకి జనరేటర్ లైను ఇవ్వాలంటే ఖర్చు ఎక్కువ, అందుకని నియమం మార్చాం: హాలు 28 డిగ్రీలు దాటితే డిస్పెన్సింగ్ ఆపి ఇంకో పని.

అన్నిటికన్నా ముఖ్యంగా, గంటకోసారి గాజు పలక. వంద చుక్కలు, కాటా, రిజిస్టర్‌లో అంకె. 33 నుంచి 41 మధ్య ఉంటే కొనసాగించాలి. దాటితే ముందు సూది మార్చాలి, మళ్లీ తూచాలి, అప్పటికీ తేడా ఉంటేనే ప్రెషర్ ముట్టుకోవాలి. ఈ వరస ఆ అమ్మాయితో కూర్చునే రాశాం. ప్రెషర్ మార్చితే ఎంత నుంచి ఎంతకో కార్డు మీద రాయాలన్నది ఆమె పెట్టించిన గడి.

260లో టెస్ట్ దగ్గర రెండు ఆగాయి. ఒకటి మాడ్యూలే చెడ్డది, మార్చగానే పని చేసింది. ఒకటి మేం పెట్టడంలో పక్కకు జరిగింది. అడుగున కనిపించని గ్రౌండ్ ప్యాడ్ల కోసం ఐదు బోర్డులు బయట ఎక్స్‌రే తీయించాం. షార్టు లేదు, ఓపెన్ లేదు, ఒకట్రెండు ప్యాడ్లలో కాస్త పెద్ద గాలి గుల్లలున్నాయి. ఒకే చుక్క మధ్యలో వేయడం వల్లా, మాడ్యూల్ పెట్టి వెంటనే ఓవెన్‌లోకి పంపడం వల్లా అన్నది ఇంకా తేల్చుకోవాలి. వచ్చే లాటులో సగం బోర్డులకు సోక్ సమయం (పేస్టు కరిగేముందు వేడిలో నిలిపే సమయం) పెంచి చూస్తాను.

మొన్న సాయంత్రం నాలుగున్నరకు నేను బెంచీ పక్కనుంచి వెళ్తుంటే కాటా మీద 32 కనిపించింది. నేను ఆగాను. ఆ అమ్మాయి తలెత్తలేదు. సూది తిప్పి తీసి, కొత్తది బిగించి, గాజు పలక తుడిచి, వంద చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేసింది. 37. రిజిస్టర్‌లో రెండు అంకెలూ రాసి, తర్వాతి బోర్డు చేతిలోకి తీసుకుంది.